వదిన గుమ్మం దాటనివ్వనన్న బట్టలు

జిన్హే మెరైన్ దళ శిక్షణ శిబిరం,
1950 సెప్టెంబరు 12

మా వదిన కో చునువా గారికి,

నీ ఆడపడుచు కుంసన్ నమస్కారం చేసి రాస్తున్నది. ఇక్కడ నేను క్షేమం. అక్కడ హల్లింలో నువ్వూ, పాప ఇన్‌సుకూ క్షేమంగా ఉన్నారని అనుకుంటున్నాను. అనుకోవడం తప్ప నాకు దారేముంది, నువ్వొక్క ముక్క రాస్తే కదా!

చదవడం రాదని మాత్రం చెప్పకు. నీకు అక్షరాలు నేర్పింది నేనే. నీకు సులువుగా ఉండాలని పెద్దగా, విడివిడిగా రాస్తున్నాను. ఇంకో సంగతి. ఇక్కడి ఉత్తరాలన్నీ లెఫ్టినెంట్ నమ్ గారు చదివాకే సంచిలో పడతాయి. కాబట్టి పదిమందికీ చెప్పదగ్గవే ఇందులో ఉంటాయి. దళంలో చేరి లారీ ఎక్కిన రోజు, నేను పాఠాలు చెప్పే బడి ఆవరణలో, అందరూ చూస్తుండగా, మా అన్న పేరెత్తి నువ్వన్న మాట ఇక్కడ రాయను. అన్న ఇంటికి రాక రెండేళ్లు కావస్తోంది. నీ కడుపు మంట నాకు తెలియనిది కాదు. కానీ సముద్రంలోంచి లేచి తడి జుట్టుతో అంత దూరం పరిగెత్తుకొచ్చి, నా మొహాన ఆ ఒక్క మాటా విసిరి, పాపను చంకనేసుకుని వెనక్కి తిరిగి వెళ్లిపోయావే, అది మాత్రం బాగాలేదు. లారీ మలుపు తిరిగేదాకా చూశాను. నువ్వొక్కసారి కూడా తల తిప్పలేదు.

ఓడలో అందరం వాంతులు చేసుకున్నాం. చేపలవాళ్ల పిల్లలూ, సముద్రంలో మునిగి నత్తలు ఏరేవాళ్ల పిల్లలూ వాంతులు చేసుకుంటుంటే ఓడవాళ్లు ఒకటే నవ్వు. నా పక్కన పడుకునే పిల్ల పేరు ఇల్‌సూన్. నీతోపాటు మునకకు వచ్చే హ్యన్ వాళ్ల చిన్నకూతురు. పదిహేడేళ్లు. పగలంతా అందరినీ ఆటపట్టిస్తుంది, దుప్పటి కప్పుకోగానే ఏడుస్తుంది.

జెజు దీవి నుంచి వచ్చిన ఆడపిల్లలం నూటికి పైనే ఉన్నాం. మమ్మల్ని రమ్మన్నవాళ్లకు మేమొస్తే ఏం తొడగాలో తోచినట్టు లేదు. అన్నీ మగవాళ్ల బట్టలే, అందులోనూ అమెరికావాళ్ల కొలతలు. నా రెండు పాదాలూ ఒక్క బూటులోనే పడతాయి. గడ్డి కుక్కి తొడుక్కున్నాను. ఎడమకు తిరగమంటే నేను తిరుగుతాను, బూట్లు తిరగవు. మొన్న కవాతులో ఇల్‌సూన్ బూటు ఒకటి ఊడి ముందు వరసలో పిల్ల వీపుకు తగిలింది.

మాకు కవాతు నేర్పే సార్జెంటు ఇంటిపేరు 'మా', ఆయనది ఉత్తరాన ప్యోంగాన్ సీమ. ఆయన అరిస్తే మాకు సగం అర్థం కాదు, మేం బదులిస్తే ఆయనకు అసలే అర్థం కాదు. "ఏయ్, మీ దీవి గోల ఆపి మనుషుల భాషలో ఏడవండి!" అంటాడు. "మనుషుల భాషలోనే అడిగాం సార్, తినడానికి ఇంకేమైనా ఉందా అని" అంది ఇల్‌సూన్. దానికి మైదానం చుట్టూ పరిగెత్తించాడు. తిండికేం, బార్లీ అన్నం, ముల్లంగి పచ్చడి, నీళ్ల పులుసు. నువ్వు ఉప్పులో ఊరేసే చిన్న చేపలు గుర్తొచ్చి నోరూరుతుంది. పంపిస్తావా అని అడగను. నీకంత దయ ఉంటే ఉత్తరమే వచ్చేది.

కోపం చల్లారినప్పుడు సార్జెంటు మాకు ఈ దళం పుట్టిన కథ చెబుతాడు. నిరుడు ఏప్రిల్‌లో ఇదే ఊళ్లో, విమానాలు దిగే మైదానంలో, నాలుగు వందల మంది కూడా లేకుండా మొదలుపెట్టారట. "తుపాకులు జపాను వాడు పారేసి పోయినవి. టోపీ నేవీ వాళ్లది, బూట్లు ఎవడివో. మెరైన్ అంటే ఓడ దిగి ఒడ్డున పోరాడేవాడన్నారు. సరే, ఓడేదీ అంటే, అదింకా రాలేదన్నారు" అని నవ్వుతాడు. పోయిన నెల తొంగ్‌యోంగ్ దగ్గర నిజంగానే ఓడ దిగి కొట్లాడారు. వీళ్లు దెయ్యాలనైనా పట్టేస్తారని పత్రికలు రాశాయట. "మా దీవి నిండా దెయ్యాలే, వచ్చి పట్టమనండి" అని ఇల్‌సూన్ గొణిగింది. అదృష్టం బాగుండి ఆయనకు మా మాట అర్థం కాలేదు. లెఫ్టినెంటు గారు ఈ వాక్యం చదివి నవ్వుతారో, నల్లసిరా పూస్తారో చూడాలి.

ఒక్క ముక్క రాయి వదినా. తిట్టినా పరవాలేదు.

నీ ఆడపడుచు
యాంగ్ కుంసన్

~

జిన్హే,
1950 సెప్టెంబరు 30

వదిన గారికి,

మళ్లీ నేనే, నీ ఆడపడుచునే, నమస్కారాలతో. నేను బాగున్నాను. నువ్వెలా ఉన్నావో హల్లిం నుంచి వచ్చే ప్రతివాళ్లనూ అడిగి తెలుసుకుంటున్నాను. సొంత ఇంటి కబురు పరాయివాళ్ల నోట వినాల్సి రావడం ఎంత సిగ్గుగా ఉంటుందో నీకు చెప్పినా తెలియదు.

పంట పండగ వెళ్లిపోయింది. మాకు తలా రెండు బియ్యప్పిండి కుడుములు పెట్టారు, రాళ్లలా ఉన్నాయి. ఇంట్లో పెద్దలకు నైవేద్యం ఒక్కదానివే పెట్టావా? అన్నకు కూడా గిన్నె పెట్టావా? పెడితే పోయినట్టు, పెట్టకపోతే మరిచినట్టు. పోయిన ఏడు మనిద్దరం ఆ గిన్నె చేత్తో పట్టుకుని ఎంతసేపు నిలబడ్డామో. ఈసారి ఏం చేశావో నాకు రాయనన్నా రాయలేదు.

ఇక్కడి సంగతి చెబుతాను, నీకు వినాలని లేకపోయినా. మాకు తుపాకీ నేర్పారు. మొదటి రోజు భుజం వాచిపోయింది. తర్వాత నాకు పట్టు దొరికింది. ఊపిరి బిగబట్టి నెమ్మదిగా లాగాలని సార్జెంటు చెబుతుంటే నాకు నువ్వు గుర్తొచ్చావు, నీళ్లలోకి మునిగే ముందు నువ్వు ఊపిరి దాచుకునే తీరు. నా గుండు వరసగా గురి మధ్యలో పడింది. సార్జెంటు నా వెనక నిలబడి చూసి, "ఛీ, దండగైపోయింది" అన్నాడు. ఏం దండగైంది సార్ అని అడిగితే పక్క పిల్ల తుపాకీ సరిచేయడానికి వెళ్లిపోయాడు.

ఏం దండగైందో మొన్న తెలిసింది. మన దీవి నుంచి దళంలో చేరిన కుర్రాళ్లంతా ఇంచియాన్‌లో ఓడ దిగి, పోరాడుకుంటూ సియోల్ దాకా వెళ్లారు. రాజధానిలో మన జెండా మళ్లీ ఎగిరిందని మైకులో చెబుతుంటే శిబిరం అంతా గంతులేసింది. మేమూ గంతులేశాం. మర్నాడు పొద్దున మా చేతికి సూదులూ దారాలూ ఇచ్చారు. యుద్ధరంగం నుంచి వచ్చిన చిరుగు బట్టలు కుట్టాలి, నేవీ ఆసుపత్రిలో కట్లు ఉతకాలి.

నాకు ఒళ్లు మండిపోయింది. నీకు తెలుసుగా, నేను కుట్టిన దానికంటే చిరుగే బాగుంటుంది. లెఫ్టినెంట్ నమ్ గారి దగ్గరికి వెళ్లి, మమ్మల్ని ఎక్కడ వేశారు అని అడిగాను. ఆయనే కాగితం మీద గీసి చూపించాడు, పైన దళం, దాని కింద బెటాలియన్లు, వాటి కింద కంపెనీలు, ఇంకా కింద ప్లాటూన్లు. "ఇందులో మీరు ఎక్కడా లేరు. మీ కోసం పక్కన ఒక గడి గీయమని పైవాళ్లకు రాశాను. వాళ్లు యుద్ధంలో ఉన్నారు, గడి గీసే తీరికెక్కడిది?" అన్నాడు. మరి తుపాకీ ఎందుకు నేర్పారు సార్ అన్నాను. "పత్రికలో మీ ఫొటో బాగా వచ్చింది కదా" అన్నాడు. వెక్కిరింతకు అనలేదు వదినా, నిజంగానే అన్నాడు. నాకు ఇంకా కోపమొచ్చింది. ఈ లెఫ్టినెంటు గారే ఈ ఉత్తరం చదువుతారు. చదవనీ.

ఆసుపత్రిలో మన పడమటి వీధి యోంగ్‌బే కనిపించాడు. చెయ్యి విరిగింది, ప్రాణానికి భయం లేదు, వాళ్ల అమ్మకు చెప్పు. వాణ్ణి ఓడ ఎక్కించాక, దారిలో నేర్పారట తుపాకీ పట్టుకోవడం. ఒడ్డు రాతిగోడకు నిచ్చెనలు వేసి ఎక్కుతుంటే గుండు ఎటు నుంచి పెట్టాలో మరిచిపోయాడట. నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "టీచరక్కా, నీకు ముందే నేర్పి ఇక్కడ కట్లు ఉతకమన్నారా? వీళ్ల బుద్ధి కాలిపోనూ!" అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం. వాడు నిద్రపోయాక నేను తొట్టి దగ్గర కూర్చుని నీళ్లు ఎర్రబడుతుంటే ఉతుకుతూనే ఉన్నాను.

అటు ఊళ్లో నువ్వు నన్ను చీదరించుకుంటున్నావు, సైనికురాలినైనందుకు. ఇటు వీళ్లు నన్ను సైనికురాలిగా లెక్కలోకే తీసుకోరు. మరి నేనెవరిని వదినా? ఇద్దరిలో ఒక్కరైనా ఒప్పుకోండి.

పాప దగ్గు తగ్గిందా? అదొక్కటైనా రాయి.

నీ
కుంసన్

~

జిన్హే,
1950 అక్టోబరు 19

మా వదినకు,

నమస్కారం. ఈ ఉత్తరం సంచిలో పడదు. ఇల్‌సూన్ నీ చేతికిస్తుంది. అందుకని ఈసారి మర్యాదలు పక్కన పెడతాను.

నీ ఉత్తరం అందింది. కవరు మీద నీ వంకర అక్షరాలు చూసి, విప్పకుండానే పిచ్చిదానిలా పరిగెత్తి అందరికీ చూపించాను, మా వదిన రాసింది, మా వదిన రాసింది అని. తర్వాత విప్పాను. పాపకు దగ్గు తగ్గిందన్నావు, సంతోషం. కొర్రలు కోశానన్నావు, సంతోషం. ఆ పైన నువ్వు రాసింది ఇది: "నీ బట్టలు ఉతికి పెట్టెలో పెట్టాను. అవి కట్టుకుని రా. ఆ బట్టలతో వస్తే గుమ్మం దాటనివ్వను."

నీకు అక్షరాలు నేర్పి నేనెంత తప్పు చేశానో అప్పుడు తెలిసింది.

లారీ దగ్గర నువ్వన్న మాట ఇవాళ రాస్తాను. "నీ అన్నను లారీ ఎక్కించినవాళ్లు తొడుక్కున్నవీ నువ్వు తొడగబోయే బట్టలే. నీకు కళ్లు లేవా?" అన్నావు. ఉన్నాయి వదినా. తిరుగుబాటువాళ్ల పేరు చెప్పి సైనికులు మన ఊళ్లు కాల్చిన ఆ చలికాలం నేనూ నీ పక్కనే ఉన్నాను. అన్న ఒక్క చెప్పుతో లారీ ఎక్కడం నేనూ చూశాను. తర్వాత దారిలో తప్పించుకున్నాడన్నారు, కొండల్లో తిరుగుబాటువాళ్లలో కలిశాడన్నారు, మనకు మాత్రం శవమూ ఇవ్వలేదు, మనిషినీ ఇవ్వలేదు. నేనేం మరిచానని నాకు గుర్తుచేస్తావు? నా కొలతకు పట్టని ఈ బట్టలు తొడుక్కున్నప్పుడల్లా అది గుర్తొస్తుందని నీకు తట్టనే లేదా? సార్జెంటు ఒకసారి, తను కొన్నాళ్లు మన దీవిలో ఉన్నానని నోరు జారాడు. అప్పటికి ఊళ్లు కాలిపోయి ఏడాదైందట. "మేం వచ్చేసరికి మిగిలింది గోడలే" అన్నాడు. నమ్మాలో లేదో తెలియక, మర్నాడంతా ఆయన మొహం చూడలేదు.

ఇల్‌సూన్ వాళ్లమ్మ రాయించిన ఉత్తరంలో ఇంకో సంగతి తెలిసింది. మునక ముగించుకుని వచ్చి, రాతిగోడ చాటున మీరంతా నిప్పు చుట్టూ చలి కాచుకుంటున్నప్పుడు, ఎవరో దళంలో చేరిన మన ఊరి ఆడపిల్లలను మెచ్చుకున్నారట. నువ్వు చేతిలో వల సంచీ నేలకేసి కొట్టి, "మా ఇంట్లో పోయినవాడి లెక్క తేలలేదు, అప్పుడే వాళ్ల బట్టలు తొడుక్కుందా సిగ్గులేనిది! అది నా ఆడపడుచే కాదు" అన్నావట. పది మంది ఆడవాళ్ల ముందు. పది మంది ఆడవాళ్లంటే పది ఇళ్లు వదినా! నీ నోటికి ఎవరు తాళం వేస్తారు? ఉత్తరం పట్టుకుని ఇక్కడ నేను పళ్లు కొరుక్కుంటూ అటూ ఇటూ తిరిగాను. చేతికి అందేంత దూరంలో నువ్వుంటే నీ భుజాలు పట్టుకుని కుదిపేసేదాన్ని.

సరే, కబురు విను. మమ్మల్ని ఏం చేసుకోవాలో దళంవాళ్లకు చివరిదాకా తెలియలేదు. ఇప్పుడు చిన్నపిల్లలను, వెళ్తామన్నవాళ్లను ఇళ్లకు పంపేస్తున్నారు. మిగిలినవాళ్లను నేవీ ఆఫీసుల్లో, ఆసుపత్రుల్లో సర్దుతున్నారు. ఇల్‌సూన్ పేరు పిలవగానే అది బూట్లు విప్పి, వాటికి వంగి నమస్కారం పెట్టి, "ఇక మీకూ నాకూ చెల్లు" అంది. సార్జెంటు కూడా నవ్వాడు. వెళ్లేవాళ్లందరికీ ఆయనే మూటలు కట్టించాడు. "దీవి పిల్లలు మొండివాళ్లు, కానీ అడుగు వెనక్కి వెయ్యరు" అని ఎవరితోనో అంటుంటే విన్నాను. మా ఎదురుగా మాత్రం అనలేదు.

నన్ను వదలలేదు. నా చేతిరాత బాగుందట, బుసాన్‌లో నేవీ ఆఫీసులో కూర్చుని కాగితాలు రాయాలట. గురి చూసి కొట్టడం నేర్పి, కట్లు ఉతికించి, చివరికి గుమాస్తాను చేశారు. వచ్చే ఏడు దాకా ఇంటి మొహం చూసేది లేదు. ఇల్‌సూన్ నా కోసం ఏడుస్తోంది, నువ్వు ఏడవవని నాకు తెలుసు. పెట్టెలో బట్టలకు పురుగు పట్టకుండా అప్పుడప్పుడూ ఎండలో వెయ్యి.

పాపకు ముద్దులు.

నీకు ఆడపడుచును కాకపోయినా, మా అన్నకు చెల్లెల్నే అయిన
కుంసన్

తా.క.: పైదంతా ఇల్‌సూన్‌కు చదివి వినిపించాను. ఇక్కణ్ణుంచి కిందిది దానికి తెలియదు. అది నిద్రపోయాక రాసి కవరు అంటించాను. చదవగానే పొయ్యిలో పెట్టు.

నా అంతట నేను చేరలేదు వదినా. ఆగస్టు ఆఖరులో ఠాణాలోని ఆ తోలుకోటు మనిషి బడికి వచ్చాడు. పేరు రాయను, ఎవరో నీకు తెలుసు. పిల్లలను బయటికి పంపించి నా బల్ల మీద కూర్చున్నాడు. చాలా మర్యాదగా మాట్లాడాడు. "టీచరుగారూ, మీ వదిన పేరు మళ్లీ జాబితాలోకి వచ్చింది. పరారీలో ఉన్నవాడి పెళ్లాం కదా. ఈసారి పిలిస్తే పోయినసారిలా తిరిగి పంపుతారని నేను హామీ ఇవ్వలేను" అన్నాడు. మళ్లీ తనే, "అదే ఆ ఇంటి మనిషి ఒకరు మెరైన్లలో ఉంటే, ఆ తలుపు తట్టే ధైర్యం ఎవరికుంటుంది? ఆలోచించుకుంటారా?" అన్నాడు. ఆలోచించేదేమీ లేదన్నాను. పోయినసారి ఠాణాకు పిలిపించినప్పుడు నువ్వు తిరిగొచ్చిన తీరు నేను చూశాను. నీ చెవిలోంచి కారిన నెత్తురు తుడిచింది నేనే. ఇన్‌సుక్ అప్పుడు తలుపు వెనక నక్కి, పిలిచినా బయటికి రాలేదు.

నీకు ముందే చెప్పి ఉంటే ఏం చేసేదానివో తెలుసు. తిన్నగా వాడి గుమ్మానికి వెళ్లి, నన్నే తీసుకెళ్లండి, దాన్ని వదిలెయ్యండి అనేదానివి. అందుకే చెప్పలేదు. సిగ్గులేనిదాన్ననే అనిపించుకున్నాను.

ఇంకోటి. నన్ను వదలలేదన్నది అబద్ధం. నేను సరేనంటే ఇంటికి వెళ్లేవాళ్లలో నా పేరే ముందు పిలిచేవారు. లెఫ్టినెంట్ నమ్ నన్ను ఒక్కదాన్నే పిలిచి, "బడులు తెరుస్తున్నారు, మీరు వెళ్లొచ్చు టీచర్" అన్నాడు. ఎక్కడైనా వెయ్యండి సార్, ఈ బట్టలు మాత్రం విప్పించకండి అని బతిమాలాను. ఇంతకాలం తగువులాడారు, ఇప్పుడేమైంది అని ఆశ్చర్యపోయాడు. ఇక్కడ అన్నం బాగుంది సార్ అన్నాను. ఆయనా ఆ అన్నమే తింటాడు కాబట్టి నమ్మి ఉండడు. అయినా సంతకం పెట్టాడు.

నన్ను మెచ్చుకోమనడం లేదు వదినా. నువ్వు నన్ను క్షమించాల్సిన పని కూడా లేదు. కానీ నిప్పు దగ్గర నువ్వన్న మాట ఆ తోలుకోటు వాడి చెవిన పడితే నేనిక్కడ ఉండీ లేనట్టే. అది నా ఆడపడుచే కాదన్నావు చూడు, ఆ ఒక్క మాటతో నువ్వే మన తలుపు తెరిచి పెట్టినట్టయింది. ఇంత దూరం నుంచి దాన్ని నేను ముయ్యలేను. నువ్వే ముయ్యాలి.

రేపు మునక ముగించుకుని రాగానే, అందరూ నిప్పు చుట్టూ చేరాక, పది ఇళ్లకూ వినబడేలా చెప్పు, మా ఆడపడుచు మెరైన్ అని. నవ్వుతూ చెప్పక్కర్లేదు, నీకది చేతకాదని వాళ్లకూ తెలుసు. గట్టిగా చెబితే చాలు.